మన పైసలతో రాసిన పాఠానికి తాళమెందుకు?

సెమిస్టర్ పరీక్షల తేదీలు నోటీసు బోర్డుకెక్కాయంటే చాలు, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు పట్టణాల్లోనూ జిరాక్స్ సెంటర్ల ముందు కాలేజీ పిల్లలు గుమిగూడతారు. ఒకరి చేతిలో లెక్చరర్ చెప్పిన నోట్సు. ఇంకొకరి చేతిలో సీనియర్ ఇచ్చిన పాత పుస్తకం. మరొకరి చేతిలో బెజవాడలో అచ్చయి హైవే మీదుగా కోదాడలో దిగిన గైడు. పుస్తకం మొత్తం కొనే స్తోమత లేక, ఇంపార్టెంట్ అని గీతలు గీసుకున్న పేజీలనే కాపీ తీయించుకుంటారు. పుస్తకం మొదట్లో, అనుమతి లేకుండా ఏ భాగాన్నీ నకలు తీయరాదన్న హెచ్చరిక ఉంటుంది. ఆ ఒక్క పేజీని మాత్రం ఎవరూ కాపీ తీయించుకోరు.

ఈ పిల్లలను దొంగలనేవాళ్లున్నారు. మేం ఆ మాట అనం. మేం అడిగేది వేరే ప్రశ్న. ఆ పాఠం రాసిన లెక్చరర్ జీతం ఎవరిచ్చారు? ఆ పుస్తకం వేయించిన సంస్థకు గ్రాంటు ఎవరిచ్చారు? ఆ సిలబస్ తయారుచేసిన యూనివర్సిటీ ఎవరి పన్నులతో నడుస్తోంది? సర్కారు సొమ్ముతో తయారైన పాఠమైతే, దానికి డబ్బు కట్టింది ఈ పిల్లల తల్లిదండ్రులే. ఒకసారి పన్ను రూపంలో కట్టి, మళ్లీ పుస్తకం ధర రూపంలో కట్టి, అది కూడా చాలక జిరాక్స్ తీస్తే నేరం చేసినట్టు తలదించుకోవాలా?

లెక్క వేసి చూద్దాం. సెమిస్టర్‌కు ఆరు పేపర్లు, పేపర్‌కు 250 రూపాయల పుస్తకం అనుకుంటే 1,500 రూపాయలు. ఆరు సెమిస్టర్లకు 9,000. ఇంట్లో ఇద్దరు చదివితే 18,000. సాగర్ ఎడమ కాల్వ కింద రెండెకరాలు కౌలు చేసే ఇంటికి, మిల్లులో హమాలీ పని చేసే ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కాలేజీ ఫీజుకే. పుస్తకానికి రీయింబర్స్‌మెంట్ లేదు. అందుకే పుస్తకం కొనకుండానే డిగ్రీ అయిపోతున్నది. గైడు చదివి పరీక్ష రాసి, పుస్తకం ముఖం చూడకుండానే పట్టా పుచ్చుకునే తరం తయారవుతున్నది. ఇది పిల్లల తప్పు అని మేం అనుకోవడం లేదు.

దీనికి దారి లేదా అంటే ఉన్నది. ప్రపంచం ఆ దారి పట్టి ఇరవై ఏళ్లు దాటింది. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ 2001 ఏప్రిల్‌లో ఒక ప్రకటన చేసింది. తన పాఠాలన్నీ ఇంటర్నెట్‌లో ఎవరైనా పైసా ఇవ్వకుండా చూసుకోవచ్చని చెప్పింది. 2002లో యునెస్కో పారిస్‌లో సమావేశం పెట్టి ఇటువంటి వాటికి 'ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్' అని పేరు పెట్టింది. సార్వత్రిక విద్యా వనరులు అని మనం చెప్పుకోవచ్చు. 2002 డిసెంబరులోనే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు వచ్చాయి. 2012 నుంచి అమెరికాలోని రైస్ యూనివర్సిటీ 'ఓపెన్‌స్టాక్స్' పేరుతో డిగ్రీ పాఠ్యపుస్తకాలనే ఉచితంగా ఇస్తున్నది. 2019 నవంబరులో యునెస్కో సభ్యదేశాలు ఈ వనరులను ప్రోత్సహించాలని సిఫారసు ఆమోదించాయి.

మన దేశమూ వెనుకబడి లేదు. ఏడు ఐఐటీలు, బెంగుళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో ఎన్‌పీటెల్ మొదలుపెట్టాయి. శ్యాం పిట్రోడా అధ్యక్షుడిగా ఉన్న జాతీయ విజ్ఞాన కమిషన్ కూడా ఓపెన్ వనరులు కావాలని కేంద్రానికి సిఫారసు చేసింది. 2017లో స్వయం వచ్చింది. అందులో చదివిన కోర్సులకు డిగ్రీలో క్రెడిట్లు ఇవ్వవచ్చని యూజీసీ చెప్పింది. మొదట 20 శాతం వరకు అన్నది, 2021లో 40 శాతం చేసింది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' ఆమోదించి, మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు పెట్టి 13,000కు దగ్గరగా పరిశోధన పత్రికలను విద్యార్థులకు అందిస్తామన్నది.

మరి ఇంకేం కావాలి అని అడగవచ్చు. చాలా కావాలి. ఆ 6,000 కోట్ల తలుపు సర్కారు సంస్థలకే తెరుచుకుంటుంది. కోదాడలోనో మిర్యాలగూడలోనో ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చదివే పిల్లకు దానితో పనిలేదు. పైగా అది విదేశీ ప్రచురణకర్తలకు అద్దె కట్టి చదువుకోవడమే. అద్దె కట్టడం మానితే తలుపు మూసుకుంటుంది. ఇక స్వయం, ఎన్‌పీటెల్ పాఠాలు మంచివే, కాని ఎక్కువ భాగం ఇంగ్లిష్‌లో, ఐఐటీ స్థాయిలో ఉంటాయి. ఎన్‌పీటెల్ పాఠాలు కొన్నింటికి తెలుగు అనువాదాలు వస్తున్నాయి. సంతోషమే. కాని మన బీకాం పిల్లవాడికి, బీఏ చరిత్ర చదివే పిల్లకు, బీఎస్సీ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేసేవాళ్లకు, వాళ్ల సిలబస్ ప్రకారం, వాళ్లకు తెలిసిన భాషలో పాఠం ఏది? ఇంగ్లిష్‌లో మాత్రమే ఉన్న ఉచితం మన పల్లె పిల్లకు సగం ఉచితమే.

ఇక్కడ ఒక తేడా పాఠకులు గమనించాలి. ఊరికే చదువుకోనివ్వడం వేరు, వాడుకునే హక్కు ఇవ్వడం వేరు. ఏదో ఒక వెబ్‌సైట్‌లో పీడీఎఫ్ పెట్టి చదువుకోండి అంటే అది సార్వత్రిక వనరు కాదు. రేపు ఆ వెబ్‌సైట్ మూతపడితే పాఠం మాయం. చట్టం ప్రకారం ఏ లైసెన్సూ రాయకపోతే హక్కులన్నీ యజమాని దగ్గరే ఉన్నట్టు లెక్క. సార్వత్రిక వనరు అంటే ఐదు హక్కులు ఉండాలి. దగ్గర ఉంచుకునే హక్కు, మళ్లీ మళ్లీ వాడుకునే హక్కు, దిద్దుకునే హక్కు, మరో పాఠంతో కలుపుకునే హక్కు, పదిమందికి పంచే హక్కు. రాసినవారి పేరు చెప్పాలి. అంతకుమించి అనుమతి కోసం ఎవరి గడపా తొక్కనక్కరలేదు.

ఇది అమెరికా నుంచి దిగుమతి చేసుకున్న వింత అని ఎవరైనా అంటే, ధూంధాం వేదికలను ఒకసారి గుర్తుచేసుకోండి. మన పాట ఎట్లా తిరిగింది? ఒక ఊళ్లో పుట్టిన పల్లవిని ఇంకో ఊరు అందుకున్నది. పల్లవి ఉంచి చరణం మార్చుకున్నది. కరువు ఊరు బోరుబావిని కలిపింది, నల్లగొండ ఫ్లోరిన్ నీళ్లను కలిపింది, కాలేజీ పిల్లలు కొలువులను కలిపారు. రాసినవాడి పేరు వేదిక మీద చెప్పారు. పాట ఊరూరా తిరిగింది కాబట్టే ఉద్యమం ఊరూరా తిరిగింది. అదే పాటకు అనుమతి పత్రం కావాలని ఉంటే, ఉద్యమం ఎంత దూరం పోయేది? పాటకు మనం ఇచ్చుకున్న స్వేచ్ఛనే పాఠానికి ఇవ్వమంటున్నాం.

ఇంకా వెనక్కి పోయి చూడండి. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలైంది. అంతకు ఏడాది ముందే, 1917లో, నిజాం సర్కారు దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను పెట్టింది. గణితం, సైన్సు, వైద్యం, న్యాయం, ఇంజనీరింగ్ పుస్తకాలను ఖజానా సొమ్ముతో ఉర్దూలోకి తెచ్చింది. ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య చెప్పవచ్చని అది నిరూపించింది. కాని జనంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగుకు ఆ ఖజానా తెరుచుకోలేదు. అందుకే 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘం గ్రంథాలయాలు పెట్టడాన్ని తన ముఖ్యమైన పనుల్లో ఒకటిగా పెట్టుకున్నది. సభ పెట్టుకోవాలంటే సర్కారు ఆంక్షలు అడ్డం వచ్చే రోజుల్లో, 1920లలో, ఈ సూర్యాపేటలోనే గ్రంథాలయ మహాసభ జరిగింది. పుస్తకం జనం చేతికి రావాలంటే కొట్లాడాలని మన తాతలకు తెలుసు. సూర్యాపేటకు ఈ మాట మేం కొత్తగా చెప్పనక్కరలేదు.

ఆ తర్వాత తెలుగులో ఉన్నత విద్యకు సర్కారు చేసిన పని తక్కువది కాదు. 1968లో తెలుగు అకాడమీ వచ్చింది. ఇంటర్, డిగ్రీ పుస్తకాలు, పారిభాషిక పదకోశాలు వేసింది. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాద్‌లో వచ్చింది. ఇవాళ అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దాని మొదటి వైస్ చాన్సలర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి, తర్వాత 1985లో ఇగ్నోకు కూడా మొదటి వైస్ చాన్సలర్ అయ్యారు. దూరవిద్య పాఠాలు ఎట్లా రాయాలో దేశానికి నేర్పింది తెలంగాణ గడ్డ. కాలేజీ గడప తొక్కలేనివాళ్లు, పొద్దంతా కూలికి పోయి రాత్రి చదివినవాళ్లు, చిన్న కొలువు చేస్తూ డిగ్రీ చేసిన ఉద్యోగులు ఆ పుస్తకాలతోనే పైకి వచ్చారు.

యాభై ఏళ్లకు పైగా పేరుకున్న ఆ సంపద ఎవరిది? రచయితలకు పారితోషికం ఇచ్చి, ఎడిటర్లను పెట్టి, సర్కారు ప్రెస్సుల్లో అచ్చు వేయించిన పాఠాలవి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ఏమంటున్నదంటే, వేరే ఒప్పందం లేకపోతే, సర్కారు రచనకు మొదటి హక్కుదారు సర్కారే. సర్కారు సంస్థ వేయించిన రచనకు ఆ సంస్థే. హక్కుదారు సర్కారైనప్పుడు కొత్త చట్టం అక్కరలేదు, ఢిల్లీ అనుమతి అక్కరలేదు. ఒక్క జీవో చాలు. ఇకనుంచి ప్రజాధనంతో తయారయ్యే ప్రతి పాఠ్యపుస్తకం ఓపెన్ లైసెన్సుతో వస్తుందని, పాతవాటిని ఒప్పందాలు చూసి దశలవారీగా విడుదల చేస్తామని ఆ జీవోలో రాస్తే చాలు.

జిరాక్స్ సంగతి కూడా చెప్పుకుందాం. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు కలిసి ఢిల్లీ యూనివర్సిటీ మీద, అక్కడి రామేశ్వరి ఫొటోకాపీ షాపు మీద కేసు వేశాయి. పాఠాలకు అవసరమైన పేజీలను కుట్టి పిల్లలకు అమ్మడం నేరమన్నాయి. విద్యార్థులు, ఉపాధ్యాయులు షాపు పక్షాన నిలబడ్డారు. 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ కేసు కొట్టివేసింది. బోధన కోసం చేసే నకలుకు చట్టం 52వ సెక్షన్‌లోనే మినహాయింపు ఉందన్నది. అదే ఏడాది డిసెంబరులో డివిజన్ బెంచ్ కొన్ని అంశాలను తిరిగి విచారించమన్నా, బోధనకు అవసరమైన మేరకు నకలు చేసుకోవచ్చన్న సూత్రాన్ని నిలబెట్టింది. 2017లో ప్రచురణకర్తలే కేసు వెనక్కి తీసుకున్నారు. అంటే కాలేజీ పాఠం కోసం కాపీ తీయించుకునే పిల్లను దొంగ అని పిలవడానికి వీల్లేదు. అట్లని ప్రైవేటు రచయిత కష్టపడి రాసిన మొత్తం పుస్తకాన్ని టెలిగ్రాం గ్రూపుల్లో పడేసి అదే ఉద్యమం అనుకోవద్దు. అది మేం సమర్థించం. మా పోరు ప్రజల సొమ్ముతో తయారైన పాఠం గురించి.

రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది. పదేళ్లు దాటింది. నీళ్లు, నిధులు, నియామకాలు అని మనం అన్నాం. నియామకాల దారిలోనే పుస్తకం ఉన్నది. గ్రూప్స్ సిలబస్‌లో తెలంగాణ చరిత్ర, తెలంగాణ ఉద్యమం చేరాయి. మంచిదే, మనం కోరుకున్నదే. కాని చేరగానే ఏం జరిగింది? కోచింగ్ సెంటర్ల మెటీరియల్ కుప్పలుగా వచ్చింది. రోడ్డు మీద కూర్చున్నది మనం, లాఠీదెబ్బలు తిన్నది మనం, బిడ్డలను పోగొట్టుకున్నది మనం. ఆ చరిత్రనే కట్టలు కట్టి మన పిల్లలకు వందల రూపాయలకు అమ్ముతున్నారు. బెజవాడ ప్రచురణకర్తను తిట్టి లాభం లేదు. ఇవాళ హైదరాబాద్‌లో కూర్చున్న మనవాళ్లూ అదే వ్యాపారం చేస్తున్నారు. సర్కారు పాఠాన్ని తెరిచి పెట్టి ఉంటే ఈ బజారు ఇంతగా పెరిగేదా?

పాఠాన్ని దిద్దుకునే హక్కు మనకెందుకు అనేవాళ్లకు ఒక ఉదాహరణ చెబుతాం. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి ప్రపంచమంతటా 'నల్గొండ టెక్నిక్' అని పేరు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీటిని తేర్చే ఈ పద్ధతిని నీరి సంస్థ తయారుచేసింది. పర్యావరణ శాస్త్రం పుస్తకాల్లో మన జిల్లా పేరు అట్లా నిలిచిపోయింది. వంకర తిరిగిన కాళ్లను కళ్లారా చూసిన మన పిల్లలు ఆ పాఠాన్ని ఎక్కడో రాసిన గైడులో రెండు మార్కుల ప్రశ్నగా చదువుతున్నారు. మిర్యాలగూడ లెక్చరర్‌కు ఆ పాఠాన్ని తిరగరాసే హక్కు ఉంటే, తన ఊరి బోరునీటి పరీక్షనే ప్రాక్టికల్‌గా పెట్టేవారు. బీకాం కాస్టింగ్ లెక్కకు రైసుమిల్లు కన్నా మంచి ఉదాహరణ ఏముంది? ధాన్యం కొనుగోలు, తౌడు, నూక, కరెంటు బిల్లు అన్నీ కళ్ల ముందే. చరిత్ర పాఠానికి ఫణిగిరి బౌద్ధ స్థలం, పిల్లలమర్రి గుళ్లు సూర్యాపేట పక్కనే ఉన్నాయి. తాళం వేసిన పుస్తకంలో వీటికి చోటు పెట్టుకోలేం. తెరిచిన పుస్తకంలో పెట్టుకోగలం.

ఇప్పుడు అభ్యంతరాలు. ఉచితంగా ఇస్తే రచయిత ఎట్లా బతుకుతాడు అంటారు. సర్కారు పుస్తకానికి రచయితకు పారితోషికం రాసే ముందో రాసిన వెంటనో ఇవ్వాలి. సరిగ్గా ఇవ్వాలి. అది అమ్మకాల మీద ఆధారపడకూడదు. ఉచితమైతే నాణ్యత ఉండదంటారు. పదిమంది లెక్చరర్లు చూసి తప్పు దిద్దగలిగిన పుస్తకం మెరుగా, తప్పు ఉన్నా మళ్లీ అచ్చయ్యేదాకా దిద్దలేని పుస్తకం మెరుగా? అకాడమీకి ఆదాయం పోతుందంటారు. పుస్తకం ప్రతి కావలసినవాళ్లు అప్పుడూ కొంటారు. అచ్చు ఖర్చు రాబట్టుకోవడంలో తప్పు లేదు. పాఠం మీద గుత్తాధిపత్యమే వద్దంటున్నాం.

అందరికీ ఫోన్లున్నాయా అని అడిగేవాళ్లూ ఉన్నారు. సరైన ప్రశ్న. 2020లో కరోనాతో కాలేజీలు మూతపడ్డప్పుడు సిగ్నల్ కోసం మిద్దెలెక్కిన పిల్లలను మనం చూశాం. అందుకే పాఠం తెర మీద ఉంటే చాలదు, కాగితం మీదా ఉండాలి. హక్కు తెరిచి ఉంటేనే ఎవరైనా చవకగా అచ్చు వేసి ఇవ్వగలరు. అదే జిరాక్స్ సెంటర్ ఓనరు ధైర్యంగా బైండింగ్ చేసి అమ్ముకోగలడు.

కాబట్టి మా డిమాండ్లు సూటిగా చెబుతున్నాం. ఒకటి, పైన చెప్పిన జీవో. రెండు, 2007లో వచ్చిన మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం ముందడుగు వేయాలి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ లెక్చరర్లతో సబ్జెక్టుకో బృందం వేసి, మొదట ఒక్క సెమిస్టర్‌కు, నాలుగైదు పేపర్లకు, తెలుగు ఇంగ్లిష్ పక్కపక్కనే ఉండే ఓపెన్ పుస్తకాలు తయారుచేయించాలి. సీబీసీఎస్ వచ్చిన తర్వాత డిగ్రీ సిలబస్ రాష్ట్రమంతటా చాలామటుకు ఒకటే. ఇక్కడ రాసింది ఆదిలాబాద్‌లోనూ పనికొస్తుంది. మూడు, ఆ పనిని పదోన్నతుల్లో లెక్కకు తీసుకోవాలి. గెస్టు, కాంట్రాక్టు లెక్చరర్లతో రాయించుకుంటే డబ్బు కట్టాలి. వాళ్లతో వెట్టి చేయించుకుని ప్రజలకు ఉచితం అంటే మేం ఒప్పుకోం. నాలుగు, మనం కట్టే ఇంటిపన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు పోతున్నది. ఆ సెస్సును మున్సిపాలిటీలు సకాలంలో జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమచేయాలి. దానిలోంచి ఈ పుస్తకాలను అచ్చువేసి, కొలువుల కోసం పొద్దంతా చదువుకునే పిల్లలున్న ప్రతి శాఖా గ్రంథాలయంలో పెట్టాలి.

సర్కారును అడగడమే కాదు, మన చేతిలో ఉన్నది మనం చేయాలి. లెక్చరర్ మిత్రులారా, ఏళ్ల తరబడి మీరు చెప్పిన నోట్సు మీరు రాసుకున్నదే అయితే, దాని మొదటి పేజీ మీద పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చని ఒక్క వాక్యం రాయండి. ఆ వాక్యమే లైసెన్సు. విద్యార్థి మిత్రులారా, తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు నుంచి నడుస్తున్నది. మీ ఊరి గురించి, మీ సబ్జెక్టు గురించి అందులో రాయండి. విద్యార్థి సంఘాలు ఫీజుల మీద ధర్నా చేసినట్టే పుస్తకం మీదా ధర్నా చేయాలి. ఉద్యోగ సంఘాలు తమ డిపార్టుమెంటల్ పరీక్షల మెటీరియల్‌ను ముందుగా తెరిచి చూపాలి. మా వంతుగా, ఈ పత్రికలో మేం రాసే విద్యా వ్యాసాలను ఎవరైనా అనుమతి అడగకుండా అచ్చు వేసుకోవచ్చని, మార్చుకోవచ్చని, పంచుకోవచ్చని ఇక్కడే ప్రకటిస్తున్నాం.

వచ్చే సెమిస్టర్‌కు కూడా జిరాక్స్ సెంటర్ల ముందు ఆ గుంపు ఉంటుంది. ఉండనీయండి. కాని వాళ్ల చేతిలో ఉన్న పుస్తకం మొదటి పేజీలో హెచ్చరిక బదులు, 'ఇది తెలంగాణ ప్రజల సొమ్ముతో తయారైంది, కాపీ తీసుకోండి, పంచండి' అన్న మాట ఉండాలి. ఆ పేజీని కూడా మన పిల్లలు కాపీ తీయించుకునే రోజు రావాలి. దానికి కావలసింది ఒక జీవో, నాలుగు కాలేజీల పూనిక, మన అందరి ఒత్తిడి. రాష్ట్రాన్నే తెచ్చుకున్నవాళ్లం, పాఠాన్ని తెచ్చుకోలేమా?